మామ్మ జమ్మికర్ర

మొన్న మా మనవరాలు తీర్థంలో కొనుక్కున్న ప్లాస్టిక్ మంత్రదండాన్ని రెండు ముక్కలుగా పట్టుకొచ్చి, "అమ్మమ్మా, నేనే విరగ్గొట్టేశాను, అతికించవా?" అంది. గమ్ము కోసం ఇల్లంతా వెతికి, చివరికి బీరువా కింది అర లాగేసరికి పాత ఆముదం, ఎండు వడ్లు కలిసిన వాసన గుప్పుమంది. అక్కడ ఏముందో తెలిసే ఇన్నాళ్ళూ ఆ అర జోలికి వెళ్ళలేదు.

గుడ్డలో చుట్టి ఉన్నవి జమ్మికర్ర ముక్కలు రెండు. అవి మా నాన్నగారి మేనత్త రత్తమ్మగారివి. ఆవిణ్ణి మేము మామ్మ అనేవాళ్ళం. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయి, ద్రాక్షారామం దగ్గర మా ఊళ్ళో పుట్టింటికి తిరిగొచ్చేసిన మనిషి. పప్పులో ఉప్పు చాల్లేదన్నా ఆవిడ మాట పట్టించుకునేవాళ్ళు లేరు. కానీ తేలు కుట్టినవాళ్ళు గుమ్మంలోకి వస్తే మాత్రం మా తాతగారంతటివారు కూడా లేచి, స్వయంగా ఆవిడకి పీట వాల్చేవారు. కుట్టిన కాలు ఒళ్ళో పెట్టుకుని, మంత్రం చదువుతూ ఆ కర్రతో కిందికి నిమిరి విషం దింపేది.

జమ్మి ఎడారి చెట్టుట. ఎక్కడ గునపం దింపినా నీళ్ళు ఊరే మా ఊళ్ళో అది ఎలా బతికిందో గాని, ఊరి చివర ఇసుకదిబ్బ మీద ఒక్కటుండేది. దసరానాడు గారెలు, పులిహోర కడుపునిండా తిని, ముసురులో తడుస్తూ దాని ఆకు కోసం వెళ్ళేవాళ్ళం. "దాని కడుపులో నిప్పుందే. యజ్ఞాలకి అగ్గి పుట్టించేది ఆ కర్రతోనే. అందుకే విషం మంట దాని మాట వింటుంది" అనేది మామ్మ. చెట్టుమీదే ఎండిన కొమ్మని, దణ్ణం పెట్టుకుని, కత్తి తగలకుండా చేత్తోనే విరవాలిట. ఏడాదిపాటు వడ్లగాదెలో మగ్గించి, ఆముదం పట్టించాలిట. నేలకి ఆనించకూడదు, ప్రాణి మీద ఎత్తకూడదు, పట్టుకున్నవాళ్ళు అబద్ధమాడితే ఇక దానికి సత్తువ ఉండదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కోతలు అయి పెద్దవాళ్ళంతా కళ్ళంలో ఉన్న ఒక మధ్యాహ్నం, మామ్మ కునుకు తీస్తుంటే ఆ కర్ర ఎత్తుకుపోయాను. నెత్తిన ముసుగు వేసుకుని, పక్కింటి పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని నేనే మామ్మనైపోయి మంచి జోరుమీదుండగా, వాళ్ళ పందెం పుంజు తాడు తెంపుకుని నామీదికి ఎగిరింది. మంత్రాలన్నీ మర్చిపోయి కర్రతో ఒక్కటిచ్చాను. పుంజుకి తగల్లేదు గాని, అరుగు అంచుకి తగిలి కర్ర విరిగింది.

ఆ సాయంత్రమే ముక్కలు దాచేసి, కాలవగట్టున సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి కోసి, కత్తిపీట మీద చెక్కి, రోటికేసి రుద్ది, ఆముదం పూసి మామ్మ తలగడ కింద పెట్టేశాను. ఆవిడ కళ్ళకి అప్పటికే శుక్లాలు. తడిమి చూసుకుని, "ఏంటే, ఇవాళ ఇది బరువుగా ఉంది?" అంది. నేను అక్కణ్ణుంచి జారుకున్నాను.

వారం తిరక్కుండానే కుప్ప నూరుస్తుంటే పాలేరు వీర్రాజుని తేలు కుట్టింది. మామ్మ కర్రతో తొడ నుంచి మడమ దాకా నిమురుతూ, ఎప్పటిలాగే, "ఎందాకా దిగింది నాయనా?" అని అడిగింది.

"దిగలేదండి. పైకే ఎక్కుతుందండి అమ్మగారూ!"

మళ్ళీ నిమిరింది. మళ్ళీ అడిగింది. చలికాలంలో ఆవిడ నుదుటిమీద చెమట పట్టడం తలుపు చాటునుంచి చూశాను. చివరికి ఆవిడే బండి కట్టించి ఆసుపత్రికి పంపింది. వీర్రాజుకి మర్నాటికి తగ్గిపోయింది. మామ్మకే తగ్గలేదు. "నా నోట ఎప్పుడో అబద్ధం దొర్లి ఉంటుంది. కర్రకి తెలిసిపోయింది" అని దాన్ని దూలానికి కట్టేసి, ఇక ముట్టలేదు. ఆ తర్వాత ఆవిడకి పీట వాల్చవలసిన పనీ ఎవరికీ లేకపోయింది.

అది ఎర్రతేలై ఉంటుందనీ, అసలు కర్రకైనా లొంగేది కాదనీ పెద్దయ్యాక ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ బతికినన్నాళ్ళూ ఆవిడ, ఆడని అబద్ధం కోసం తనలో తాను వెతుక్కుంది. నేను పదో తరగతిలో ఉండగా పోయింది. నాన్నగారు దూలానికున్న కర్ర దింపి, "అత్తయ్య ప్రాణమంతా దీనిమీదేగా" అంటూ పాడె మీద పక్కన పెట్టారు. ఆవిడతో కాలిపోయింది తుమ్మకర్ర.

ఇప్పుడు ఆ దిబ్బ చేపల చెరువైంది. జమ్మాకు దసరాకి బజార్లో కవర్లో దొరుకుతుంది. గడ్డిమేట్లతోపాటు తేళ్ళూ పోయాయి. పరాయివాళ్ళ మట్టికాలు ఒళ్ళో పెట్టుకుని "ఎందాకా దిగింది నాయనా?" అని అడిగే మనిషీ లేదు.

"ఇదెవరు విరగ్గొట్టారమ్మమ్మా?" అంది మనవరాలు ముక్కలు చూసి.

"మా మామ్మది. విరగ్గొట్టింది నేనే" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"మరి చెప్పేశావా?"

"లేదమ్మా."

"ఏం? తిట్టేదా?"

తిట్టేది కాదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.