గిన్నె ముందు, గరిటె తరవాత

ఆ ఇంటి పెద్దకోడలంటే ఏమనుకున్నారు! బళ్ళో లెక్కల్లో ఏనాడూ రెండో స్థానం ఎరగదు. అత్తగారి కుట్టుమిషన్ ముక్కముక్కా విప్పి మళ్ళీ బిగిస్తే ఒక్క మర మిగల్లేదు. ఇప్పుడు వేలిగోరంత చిప్పులో దారులు వేసే ఉద్యోగం.

ఆ చిప్పులో కెమెరా, తెర లాంటి అడిగేవాళ్ళు మాస్టర్లు, మెమరీల్లాంటి అడిగింది ఇచ్చేవాళ్ళు స్లేవులు. వాళ్ళందరినీ కలిపే దారి పేరు బస్. అది మొత్తం ఆవిడ చేతిపనే. అలాంటిది వారంగా ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది.

"రేపు సాయంత్రానికి తేల్చకపోతే నీ బస్ తీసేసి బయటివాళ్ళది పెట్టేస్తాం" అన్నాడు మేనేజరు. రెండేళ్ళ కష్టం గంగపాలయ్యేలా ఉంది.

మర్నాడు పొద్దున్నే నాలుగు మెతుకులు తిని వెళదామని కూర్చుంది. మొగుడికీ మరిదికీ ముందురోజు టీవీ దగ్గర మాటామాటా పెరిగి మాటల్లేవు. మొగుడు గరిటె లాక్కున్నాడు. మరిది కూరగిన్నె తనవైపు జరుపుకున్నాడు.

"అమ్మా, గిన్నె ఇటు తొయ్యమను వాణ్ణి."

"ముందు గరిటె ఇమ్మనమ్మా!"

"నేను వడ్డించుకున్నాకే."

"నేనూ అంతే."

"మీ పంతాలు పాడుగాను! మాకు ఆకలిరా!" అంది అత్తగారు.

కోడలు కళ్ళప్పగించి చూసింది. గిన్నె ఉంది, గరిటె ఉంది, ముద్ద మాత్రం నోట్లోకి పోవడం లేదు. చిప్పులోనూ ఇదే బాగోతం! కెమెరా మొదటి మెమరీని పట్టుకుని రెండోదాని కోసం కూర్చుంటోంది. తెర రెండోదాన్ని పట్టుకుని మొదటిదాని కోసం.

"దొరికింది!" అని లేచింది.

"ఏంటి వదినా, కూరా?"

"మీరిద్దరే దొరికారు!" అంటూ చెప్పులేసుకుంది.

ఆఫీసులో ఒకటే కట్టడి పెట్టింది. రెండూ కావాలన్నవాళ్ళు ముందు మొదటి మెమరీనే అడగాలి, అది చేతికొచ్చేదాకా రెండోదాని జోలికి పోకూడదు. ఆ పూటంతా పరీక్షలు నడిపితే బస్ ఒక్కచోటా ఆగలేదు. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశాడు.

"నీదే ఉంచుదాం" అన్నాడు.

సాయంత్రం ఇంటికొస్తూనే అన్నదమ్ములకూ అదే శాసనం చేసింది. "ముందు గిన్నె, తరవాతే గరిటె. గిన్నె చేతికి రానివాడు గరిటె ముట్టుకుంటే పస్తే!"

ఇద్దరూ చెరోవైపు చూస్తూ తలూపారు. అత్తగారు వేడివేడిగా కూర తెచ్చి పెట్టింది. పొద్దుట్నుంచి కడుపులో ఏమీ పడని కోడలు మహాతల్లి గబుక్కున చెయ్యి చాపింది. గరిటె మీదికి.

"అన్నయ్యా, చూశావా?"

"చూశాన్రా! తియ్యి, ఆ గిన్నె దాచెయ్యి!"