చిక్కం కట్టిన మనుషులు

నిన్న మనవడికి క్రికెట్ హెల్మెట్ బేరమాడుతూ, ముఖానికి అడ్డంగా ఉన్న ఇనుప ఊచలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నా చిన్నప్పుడు ఖానాపూర్‌లో మా కిరాణా దుకాణానికి పొట్లాల కోసం పాత కాగితాలు వచ్చేవి. ఒకసారి వాటిలో అమెరికా ఫుట్‌బాల్ జట్టు ఫొటోలు కనిపించాయి. పైన పాతకాలం ఆటగాళ్ళు ఉత్త తలలతో, ముఖాలకు కట్లతో ఉన్నారు. కింద కొత్తవాళ్ళు నూర్పిడి ఎద్దుల్లా మూతికి చిక్కాలతో, మీదికి దూకేటట్టు వంగి ఉన్నారు. ఎద్దుకైతే గింజలు తినకుండా కడతారు. వీళ్ళు ఒకరినొకరు కరుచుకున్నాకే వీళ్ళకు కట్టి ఉంటారని నాకు భయమేసింది.

"గది చింపు బిడ్డా, బెల్లం కట్టాలె," అన్నాడు బాపు.

"వేరేవి పది చింపుత బాపూ, గిది ఒద్దు. చిక్కం ఊడితే కరుస్తరు."

"ఇరవై చింపు. లేకుంటే గిది నేను చింపుత."

ఏడుస్తూనే పదిహేనుకు దించాను.

ఆ చిక్కాలు తమ పళ్ళు రాలకుండా వాళ్ళు పెట్టుకున్నవని పెద్దయ్యాక తెలిసింది. నాకంటే వాళ్ళకే ఎక్కువ భయమన్నమాట.

హెల్మెట్‌ను షాపువాడు చెప్పిన ధరకే కొన్నాను.