గడ్డం కింద మీటరు

స్టూలు మీద కూర్చున్నది పెద్దమనిషైనా పసిపిల్లైనా, గడ్డం కింద లైట్ మీటరు పెట్టి వెలుగు కొలవనిదే ఫొటో తీయనివ్వదు ఆమె. అందుకే వీధిలో అందరికీ ఆమె మీటరమ్మ. ఫ్లాష్ ఒకసారి పేల్చి, మీటరు మీద అంకె చూసి, గొడుగు లైటును జానెడు ముందుకో వెనక్కో జరుపుతుంది. అంకె ఎనిమిది రావాలి. కెమెరాలోనూ ఎనిమిదే పెట్టాలి. అప్పుడు నల్లటి ముఖం నల్లగా, తెల్లటి ముఖం తెల్లగా, ఎవరి ముఖం వాళ్లకు వస్తుంది. ఈ విద్య భర్త నేర్పాడు. ఆయన పోయాక స్టూడియో మరిది చేతికొచ్చింది. ఇప్పుడు కొలిచేది ఆమె, ఫొటో తీసేది అతను.

మరిదిగారి విద్య వేరు. నల్లగా ఉన్నవాళ్లు కూర్చుంటే చాలు, వదిన కొలిచి అటు తిరగగానే లైటు పవర్ పెంచేస్తాడు. తెల్లగా వస్తే ఎవరికి చేదు అంటాడు. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక మధ్యాహ్నం ఒక నర్సు వచ్చి కౌంటరు మీద ఫొటో పెట్టింది. నెల కిందట వాళ్లమ్మకు ఇక్కడే తీసిన ఫొటో.

"కవరు నిన్నే విప్పానండీ. ఇది మా అమ్మ కాదు."

"ఎందుక్కాదమ్మా? పదేళ్లు తగ్గినట్టుంటేనూ," అన్నాడు మరిది.

"అమ్మ పోయి పదిరోజులైంది. వయసు మళ్లాక ఆవిడకి తీసిన ఫొటో ఇదొక్కటే."

మీటరమ్మ ఫొటో అందుకుంది. నుదురూ ముక్కూ బుగ్గలూ ఒక్కటైపోయి సున్నం కొట్టిన గోడలా ఉంది. కంప్యూటర్లో తెరిచి వెలుగు తగ్గించి చూసింది. తెలుపు బూడిదరంగుకు దిగింది గానీ ముఖం రాలేదు. వెలుగుకు మాడిపోయిన చోట కెమెరాలో ఏమీ మిగలదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది, సగం మరిది మీద, సగం తన మీద. ఆ రోజు పరదా మడుస్తుంటే వెనక ఫ్లాష్ ఎక్కువగా పేలడం ఆమెకు తెలుసు. తెలిసీ, ఇంట్లో గొడవెందుకులే అని నోరు మూసుకుంది.

మీటరు గడ్డం కింద ఉండగానే ఒక ఫొటో తీసి చూసుకోవడం భర్త పెట్టిన పద్ధతి. అవన్నీ చెత్త అని మరిది నెలనెలా తుడిచేస్తాడు. ఈ నెల బద్ధకించినట్టున్నాడు. వెతికితే దొరికింది.

నిగనిగలాడే నల్లటి ముఖం, నుదుటి మీద మూడు గీతలు. గడ్డం కింద మీటరు, దాన్ని పట్టుకున్న మీటరమ్మ చెయ్యి. చక్కిలిగింత పెట్టిందో ఏమో, పెద్దావిడ నవ్వు ఆపుకుంటోంది.

"ఇదండీ మా అమ్మ," అంది నర్సు.

మరిదికి ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం, ఆ చెయ్యి తీసేసి, కాస్త తెల్లగా చేసి సాయంత్రానికి ఇచ్చేద్దాం వదినా."

కుక్కతోక వంకర అని ఊరికే అనలేదు పెద్దలు.

"మౌసు ముట్టుకున్నావంటే బాగుండదు," అంది మీటరమ్మ. తర్వాత నర్సు వైపు తిరిగి, "నా చెయ్యి తీసేయమంటావా అమ్మా?"

"వద్దండీ. అమ్మ నవ్వింది దానికేగా."

ఉన్నదున్నట్టు ప్రింటు తీసి ఇచ్చింది. నర్సు వెళ్తూ పాత ఫొటో కౌంటరు మీదే వదిలేసింది. మరిది దాన్ని చెత్తబుట్టలో వేయబోతే మీటరమ్మ లాక్కుని, అతని కుర్చీకి ఎదురుగా గోడకు మేకు కొట్టి తగిలించింది.

"ఇది వాళ్లమ్మ కాదు. నువ్వు చేసిన పని, నేను తెలిసీ ఊరుకున్న పని," అంది. "రోజూ ఇద్దరం చూద్దాం."