అమ్మ మూడు బాప్తిస్మాలు

మా చిన్నప్పుడు... మిరపకోతలు మొదలయ్యాయంటే మా అమ్మ రక్షణ పోయినట్టే!

నవ్వకండి... దేవుడు తనని వదిలేశాడని, ఇక పరలోకం లేదని ఆమె నిజంగానే అనుకునేది. దర్శి దగ్గర మా ఊళ్ళో కాయ పండితే ఆదివారమని ఆగరు. ఒక్క రోజు కూలికి మానేస్తే ముఠాలో ఆమె చోటు ఇంకొకరికి పోతుంది. అందుకని వరసగా నాలుగైదు ఆదివారాలు చర్చికి వెళ్ళేది కాదు.

కోతలయ్యాక వెళితే అయ్యగారు... మా పాస్టరు గారిని అలాగే పిలిచేవాళ్ళం... మైకు అందుకునేవారు. "పని కోసం ప్రభువుని వదిలేసినోళ్ళు, రక్షణ ఉందో ఊడిందో చూసుకోండి!"

అంతే, అమ్మ ప్రభువు బల్ల దగ్గరికి లేచేది కాదు. రొట్టె, ద్రాక్షరసం అందరూ తీసుకుంటుంటే వెనక చాప మీద తల దించుకుని కూర్చునేది. ఇంటికొచ్చాక అన్నం కూడా సరిగ్గా తినేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

పెళ్ళికి ముందే అమ్మ ఒకసారి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. అది మనిషికి ఒక్కసారే ఇస్తారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, పోయిన రక్షణ తిరిగొస్తుందని, పక్క ఊరి ప్రార్థన కూటాలకొచ్చిన వేరే పాస్టరుతో "ఇదే మొదటిసారండి" అని చెప్పి సాగర్ కాలువలో మళ్ళీ మునిగింది. రక్షణ కోసం అబద్ధం! ఇక ఆ అబద్ధం వల్ల రక్షణ పోయిందేమోనని రెండేళ్ళు కుమిలి, ఇంకో ఊళ్ళో మూడోసారి...

ఆ రోజు పొడి చీర పట్టుకుని గట్టు మీద నిలబడింది నేనే. "అమ్మా, దేవుడు ప్రతి కోతలకీ నిన్ను వదిలేస్తాడా?" అని అడిగాను.

"నోరు ముయ్యవే! చలికి చస్తన్నా, చీర ఇటియ్యి" అంది.

ఇప్పుడు అమ్మకు డెబ్భై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో మూడు నెలలుగా చర్చికి వెళ్ళలేదు. మొన్న, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "మీరు ప్రభువుని గట్టిగా పట్టుకున్నారని కాదమ్మా రక్షణ నిలిచేది. ఆయన మిమ్మల్ని పట్టుకున్నాడు. మీ చెయ్యి జారినా ఆయన వదలడమ్మా" అన్నాడు.

నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఈ ఒక్క మాట ఆ వెనక చాప మీద కూర్చున్న మనిషికి అప్పుడే చెబితే ఏం పోయేది?

అమ్మ చేతులు జోడించి ఆమేన్ అంది. అతను గేటు దాటగానే నన్ను పిలిచింది.

"మంచి కుర్రోడేనే... ముసల్దాన్నని జాలిపడి అట్టా చెప్పాడు. అది సరేగానీ, కాలవకి నీళ్ళెప్పుడు వదుల్తారో కనుక్కో."

చర్చికి పాలరాయి పరిచారు, పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టారు, ఆనాటి అయ్యగారు కూడా లేరు... ఆయన పెట్టిన భయం మాత్రం మా అమ్మను వదల్లేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి అమ్మ ఉంటే, ఏం చెబితే ఆమె మనసు కుదుటపడిందో చెప్పండి... మా అమ్మకూ అదే చెబుతాను.