బూజత్త పన్నెండు కుండీలు

మా మేనత్త ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అలాంటివాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలని మా నాన్నకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నాన్న నర్సరీలో ఆవిడను అందరూ బూజత్త అనేవారు. పదిహేనేళ్లు ఆవిడ పని బూజు పెంచడమే. గోడలకు పట్టే బూజు కాదు. మట్టిలో ఉండి, మొక్క వేళ్లలోకి దూరి, వెంట్రుక కన్నా సన్నటి పోగులతో చుట్టుపక్కలంతా వెతికి, వేరుకు అందని చోటి నుంచి నీటినీ భాస్వరాన్నీ లాక్కొచ్చి పెట్టే బూజు. బదులుగా మొక్క దానికి ఇంత చక్కెర పెడుతుంది. అది పట్టిన మిరపనారుకు సగం ఎరువు చాలు, ఎండకు తొందరగా వాడదు. మా నర్సరీకి పేరొచ్చింది ఆ నారు వల్లే.

ఆ బూజు సీసాల్లో పెరగదు, దానికి బతికున్న వేరు కావాలి. అందుకని అత్త వెనక రేకుల షెడ్డులో పన్నెండు కుండీల్లో జొన్న వేసేది. ఎరువు వెయ్యకుండా మూడు నెలలు అర్ధాకలితో పెంచేది. ఆ తర్వాత రెండు వారాలు చుక్క నీళ్లు పొయ్యదు. జొన్న నిలువునా ఎండాక వేళ్లు తీసి, కత్తితో సన్నగా తరిగి, అదే మట్టిలో కలిపి సంచులకెత్తేది. నారు పోసేటప్పుడు ట్రేలో ఒక్కో గుంటకు ఒక్కో చిటికెడు.

ఎండిన జొన్నను చూసినప్పుడల్లా నాన్న కేకలేసేవాడు.

"నీళ్లు పొయ్యడానిక్కూడా బద్ధకమేనా నీకు?"

"మొక్క చచ్చిపోతోందని తెలిస్తేనే బూజు గింజలు పెడుతుందన్నయ్యా. కడుపు నిండినంతకాలం దానికా ధ్యాసే ఉండదు. ఎరువెక్కువైతే మొక్క దాన్ని అసలు గడపే తొక్కనివ్వదు."

నాన్న అప్పటికే వెనక్కి తిరిగి వెళ్లిపోతుండేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదనే సామెత మా నాన్నను చూసే పుట్టి ఉంటుంది. అదే ముక్క మైక్రోస్కోపు ఉన్న మనిషెవడైనా చెబితే డైరీలో రాసుకునేవాడు.

ఒకరోజు దూరం నుంచి పెద్ద రైతులు కారులో వచ్చారు. సంచిలో మట్టి చేతిలోకి తీసుకుని, ఇది తయారుచేసేది ఎవరని అడిగారు. అత్త పక్కనే ఉంది, మోచేతుల దాకా మట్టితో.

"నేనేనండీ. పదిహేనేళ్ల కష్టం," అన్నాడు నాన్న.

"మరి ఈవిడ?"

"కుండీలు కడిగే మనిషి."

చెల్లెలని కూడా అనలేదు. నేను అక్కడే ట్రేలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

సాయంత్రం అత్త ఒక్కటే అడిగింది. "సంచి మీద నా పేరు వెయ్యన్నయ్యా."

"పనివాళ్ల పేర్లన్నీ వేస్తూ పోతే సంచి చాలదు. ఇష్టం లేకపోతే మానెయ్. కుండీలు మాత్రం ఇక్కడే ఉంటాయి."

గేటు దగ్గర ఆవిడ సంచీ విప్పించి చూశాడు. తోడబుట్టినదాని సంచీ! అందులో ఖాళీ టిఫిన్ డబ్బా, కత్తి, చెమట తుడుచుకునే గుడ్డ ఉన్నాయి. పొమ్మన్నాడు. నేను మాత్రం ఒకటి గమనించాను. రోజూ వెళ్లేముందు కుళాయి దగ్గర కాళ్లు రుద్ది రుద్ది కడుక్కునే మనిషి, ఆ రోజు కడుక్కోలేదు. చెప్పులకు మందంగా మట్టి అంటుకుని ఉంది.

ఆ తర్వాత కుండీలు నాన్న చేతికొచ్చాయి. కొత్తగా జొన్న వేసి, నీళ్లు పోసి, గుప్పెళ్లతో డీఏపీ ఎరువు వేశాడు. నేను ఉండబట్టలేక, "ఎండగట్టాలి నాన్నా, అత్త చెప్పేది," అన్నాను.

"పెద్ద వచ్చావు నాకు చెప్పడానికి! చూడు ఎంత పచ్చగా ఉందో."

నిజమే, అంత పచ్చటి జొన్న ఆ షెడ్డులో ఎన్నడూ చూడలేదు. దాని వేళ్లలో మాత్రం ఏమీ లేదు. ఆ మట్టితో పోసిన నారును రైతులు ఎప్పటిలాగే సగం ఎరువుతో నాటారు. మొక్కలు జానెడు కూడా లేవలేదు, ఆకులు ఊదారంగుకు తిరిగాయి. పీకిన మొక్కలు తెచ్చి నాన్న బల్ల మీద పడేశారు.

అప్పటికి అత్త సైకిల్ షాపు వెనక అద్దె స్థలంలో కుండీలు పెట్టింది. చెప్పుల మట్టి చెంచాతో గీరి మొదలుపెట్టిందట. నాన్న దగ్గర కొని నష్టపోయినవాళ్లు చచ్చిన మొక్క తెచ్చి చూపిస్తే బదులు మొక్క ఇచ్చేది. సంచుల మీద పెద్ద పెద్ద అక్షరాలతో "బూజత్త" అని తనే రాసుకుంది. ఆరు నెలల్లో మా గేటు ముందు ఈగలు తోలుకునేవాడు కూడా లేకుండా పోయాడు.

చివరికి నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. రైతులు వరసలో నిలబడి ఉన్నారు. అత్త కూర్చోమనలేదు.

"ఒక్క గిన్నెడు మట్టి ఇయ్యవే. నర్సరీ మూసుకోవాల్సొచ్చేట్టుంది."

"ఇస్తాను. ముందు ఆ కుండీలు కడుగు."

కుళాయి కింద బురదతో పన్నెండు కుండీలున్నాయి. నాన్న రైతుల వంక చూశాడు, నా వంక చూశాడు, చొక్కా చేతులు మడిచి గొంతుకూర్చున్నాడు. వరసలో ఎవరో అడిగారు, ఆయనెవరని.

"కుండీలు కడిగే మనిషి," అంది అత్త.

నా కడుపులో మంట కొంత చల్లారింది. కొంతే.

పన్నెండూ కడిగించుకున్నాకే గిన్నె చేతికిచ్చింది. "ఇంకేం చెయ్యాలే?" అన్నాడు నాన్న.

"నువ్వెప్పుడూ అనేదేగా. నీళ్లు బాగా పొయ్యి."

నేను వెనకబడి అడిగాను. "చెప్పెయ్యొచ్చు కదత్తా?"

"పదిహేనేళ్లు చెప్పాను. ఇక నా వల్ల కాదు. నీకు మనసొప్పితే నువ్వు చెప్పుకో."

చెబుదామనే అనుకున్నాను. ఎంతైనా కన్నతండ్రి. పైగా ఈసారి బుద్ధొచ్చి, ఎరువు వెయ్యలేదు. జొన్న మూడు నెలలకొచ్చింది. ఇక నీళ్లు ఆపాలి. ఆ మాట నాలుక మీద పెట్టుకుని, పైపు చేత్తో పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. నాన్న ఎవరో పెద్ద రైతుతో ఫోన్‌లో ఉన్నాడు.

"మళ్లీ నేనే తయారుచేస్తున్నానండీ, అదే మట్టి. సాయానికా? ఎవరూ లేరు. మా అమ్మాయుంది, కుండీలు కడుగుతుంది."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఏమే, ఏదో చెప్పాలనుకున్నట్టున్నావ్?"

"ఏం లేదు నాన్నా," అని పైపు జొన్న కుండీలో పెట్టి, కుళాయి పూర్తిగా తిప్పాను.