కాంపోజిట్ గదిలో ఆడపిల్లల బెంచీ

ఆ రోజుల్లో తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్ల ముందుముందు ఏమవుతుందో తెలియడానికి జాతకం చూడనక్కర్లేదు, బడి గోడకు అంటించిన కాగితం చూస్తే చాలు. అరవైల నడుమ మా బోధన్ వైపు హైస్కూళ్లలో లెక్కలు రెండు రకాలు. జనరల్ మాథ్స్ అంటే తేలికవి. కాంపోజిట్ మాథ్స్ అంటే బీజగణితం, రేఖాగణితం కలిసిన గట్టి లెక్కలు. కాంపోజిట్ చదివినవాళ్లకే తర్వాత పీయూసీలో లెక్కల గ్రూపు దొరికేది. జనరల్‌లో పడితే ఆ ఆశ అక్కడితో సరి. పద్నాలుగేళ్ల పిల్లలకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పేవారు కారు. కాగితం అంటించి, గోందు ఆరకముందే వెళ్లిపోయేవారు. (ఆ బడి పేరు మాత్రం చెప్పను. చెబితే ఇప్పటికీ నాలుగు మాటలు ఎక్కువే అంటానని భయం.)

ఎనిమిదిలో నాకు లెక్కల్లో డెబ్భై ఎనిమిది వచ్చాయి. మేం ‘అత్తెసరు’ అని పిలిచే కుర్రాడికి నలభై. ఆ కాగితంలో అత్తెసరు కాంపోజిట్‌లో ఉన్నాడు, నేను జనరల్‌లో ఉన్నాను. క్లాసులో ఉన్న నలుగురు ఆడపిల్లలమూ జనరల్‌లోనే ఉన్నాం. మిగతా ముగ్గురూ చూసి ఊరుకున్నారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. నేరుగా హెడ్మాష్టరు గదికి పోయాను. ఆయన ఎండాకాలం కూడా నల్లకోటు విప్పేవారు కాదు, అందుకే మాకు ఆయన కోటు సారు.

“సార్, అత్తెసరు కంటె నాకు మార్కులు ఎక్కువొచ్చినయి. నన్ను జనరల్ల ఎందుకేసిండ్రు?”

ఆయన రిజిస్టర్లోంచి తలెత్తలేదు. “కాంపోజిట్ గదిల ఆడపిల్లలకు బెంచీ లేదు బిడ్డా. కాయిదా ప్రకారం మీకు అలగ్ బెంచీ ఉండాలె. జనరల్ గదిల ఉన్నది.”

“గంతేనా సార్?”

“గంతే.”

నాకు తెలివి లేదన్నా అంత కోపం వచ్చేది కాదేమో. నాలుగు కాళ్ల చెక్క ముక్క ఒకటి లేదని నా చదువు తేల్చేశారు. ఇంటికి వచ్చి పుస్తకాల సంచి విసిరేశాను, అన్నం తిననన్నాను. అవ్వ వచ్చి బుజ్జగించింది. “ఏ లెక్కలైతేంది బిడ్డా, అన్నిట్ల అంకెలే ఉంటయి గద.” ఆ మాటకు ఇంకా మండింది. బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. మిషను చప్పుడు విని ఎక్కడ చెడిందో చెప్పగలడు గాని, భాగాల కొలతలు గీసిన నక్షా కాగితం ముందు పెడితే ఎవరినో ఒకరిని అడగాల్సిందే. ఇంట్లో ఒక్కరికైనా అది చదవడం రావాలని ఆయనకు ఎన్నాళ్లుగానో కోరిక. నా మాట అంతా విని, చేతుల గ్రీజు తుడుచుకుంటూ, “బెంచీ లేకపోతె బెంచీ తీస్కపో. దానికింత లొల్లెందుకు,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను.

మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే బడికి చేరాను. జనరల్ గదిలో ఉన్న ఆ ఒక్క ఆడపిల్లల బెంచీ రాతి బరువు. ఒక్కదాన్నే లేపలేక, అప్పుడే వచ్చిన నా స్నేహితురాలిని పిలిచాను. మనిషి బాగా పొడుగు, మాట బాగా తక్కువ. మేం చెరుకుగడ అనేవాళ్లం.

“ఏడికే?”

“కాంపోజిట్‌కు. ఆ పక్క పట్టు.”

పట్టింది. ఇంకేం అడగలేదు. వరండా దాటించి కాంపోజిట్ గుమ్మంలోకి తేగానే బెంచీ అడ్డంగా ఇరుక్కుంది. లోపలి మగపిల్లలు బయటికి రాలేరు, బయటివాళ్లు లోపలికి పోలేరు. అత్తెసరు కిటికీలోంచి దూకబోయి అంగీ చింపుకున్నాడు. ఇంతలో కోటు సారు, ఆయన వెనకే లెక్కల సారు వచ్చారు.

“ఎవరు చెప్పిండ్రు మీకు దీన్ని తెమ్మని?”

“మీరే గద సార్, బెంచీ లేదన్నరు.”

“మరి జనరల్ల ఆడపిల్లలు ఏడ కూసుంటరు?”

నేను బెంచీ చివర వదలకుండా పట్టుకునే ఉన్నాను. (మిగిలిన ఇద్దరి సంగతి ఆలోచించనేలేదు. వాళ్లు వరండాలో నిలబడి నన్ను శాపనార్థాలు పెడుతున్నారు.) కోటు సారుకు మాత్రం చెమటలు పట్టాయి. ఆ ఇద్దరినీ మగపిల్లల పక్కన కూర్చోబెట్టడానికి కాయిదా ఒప్పుకోదు. చివరికి లెక్కల సారు మెల్లగా అన్నారు. “వాళ్లకు స్టాఫ్ రూంల ఉన్న బెంచీ తెచ్చి ఇద్దాం సార్. వీళ్లిద్దరు ఈడనే ఉండనియ్యుండ్రి. క్వార్టర్లీల తప్పితె వాపస్ జనరల్‌కు పంపుదం.”

“గా కాయిదా మగపిల్లలకు గూడ ఉన్నదా సార్?” అన్నాను.

“నీ నోరు జర తక్కువ చెయ్,” అన్నారు కోటు సారు. ఆ కాయిదా మగపిల్లలకు లేదు. అది మా ఇద్దరి కోసం ఆ గుమ్మంలోనే పుట్టింది.

అంత యుద్ధం చేసి సాధించిన కాంపోజిట్ నాకు అర్థమైందా అంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, కాలేదు. త్రిభుజాలు చూస్తే తల తిరిగేది. సందేహం అడుగుదామంటే పౌరుషం అడ్డొచ్చేది. వింత ఏమిటంటే, బెంచీ రెండో చివర పట్టడానికి తోడు తెచ్చుకున్న చెరుకుగడకు అన్నీ ఇట్టే అర్థమయ్యేవి. సారు సగం లెక్క వేసేసరికి మిగతా సగం ఆమె నోట్సులో ఉండేది. ఆ పిల్ల తలలో ఇంత ఉందని తొమ్మిదేళ్లలో ఏ మాష్టరుకూ తెలియలేదు, పక్కనే కూర్చున్న నాకూ తెలియలేదు.

క్వార్టర్లీలో ఆమెకు ఎనభై రెండు. నాకు సరిగ్గా ముప్ఫై అయిదు. పాసే గాని, అత్తెసరుకు నలభై ఒకటి. మళ్లీ చెవులు వేడెక్కాయి. సారు కావాలనే కోశారని, పేపరు పట్టుకుని నిలదీస్తానని లేచాను. చెరుకుగడ నా చేతిలోంచి పేపరు లాక్కుంది. వేళ్లు మడుస్తూ ఒక్కో లెక్క మార్కూ కూడింది. కూడి, మళ్లీ కూడింది.

“మంచిగనే ఉన్నయి. కూసో,” అంది.

“సరిగ్గ కూడినవా?”

“కూడిన. కూసోమంటున్న గద.”

కూర్చున్నాను. బడి చదువు అయ్యేదాకా ఆమె చెప్పగా విని, ఎలాగో గట్టెక్కి, పీయూసీలో లెక్కల గ్రూపే తీసుకున్నాను. ఆమె పాలిటెక్నిక్‌లో లెక్చరర్ అయింది. నేను నవీపేట్ వైపు బడుల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మొన్న నిజామాబాద్‌లో వాళ్లింట్లో చాయ్ తాగుతూ, ఎప్పట్లాగే కోటు సారును తిడుతున్నాను. ఆమె కప్పు కింద పెట్టి, ఇన్నేళ్లకు నోరు విప్పింది.

“ఆనాడు నీ పేపర్ల మార్కులు ముప్ఫై రెండేనే. సార్ కూడికల మూడెక్కువ పడ్డయి.”

ఎలా పడ్డాయని అడిగాను. ఆయన పొరపాటున కూడారో, తెలిసే కూడారో ఆమెకూ తెలియదట. అడుగుదామంటే లెక్కల సారు పోయి చాలా ఏళ్లయింది. న్యాయం, న్యాయం అని అరుస్తూ ఆ పేపరు పట్టుకుని నేను వెళ్లి ఉంటే, సారు మళ్లీ కూడి, చేసేది లేక నేనిచ్చిన పేపరుతోనే నన్ను జనరల్‌కు పంపించేవారు.

“అప్పుడే ఎందుకు చెప్పలేదే?”

“చెప్తె నువ్వు ఊకుంటవా? పోయి సార్ తప్పు కూడిండని కొట్లాడుదువు,” అందామె.

నిజమే, కొట్లాడేదాన్నే.