రాజుల అడవిలో మా ఉసిరి

కార్తీక వనభోజనాలు ఈసారి హాల్లో పెట్టుకుందామని మా బెర్లిన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాట వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండింది. వనంలో చెయ్యనిది వనభోజనం ఎలా అవుతుంది? ఊరి నడిబొడ్డున టియర్‌గార్టెన్ పార్కు ఉంది కదా. ఒకప్పుడు అది రాజుల వేట అడవి. రాజులు తిరిగిన చోట మనం పులిహోర తింటే తప్పేమిటని రాశాను.

హాలు మాట ఎత్తింది మా పై అంతస్తులో ఉండే కరీంనగర్ అమ్మాయి. నన్ను అక్కా అని నోరారా పిలుస్తుంది, నా మాట మాత్రం ఒక్కటీ వినదు. నవంబరు చలిలో పిల్లల్ని గడ్డి మీద కూర్చోబెడతామా అని వాదించింది. పైగా వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద కదా, బెర్లిన్‌లో ఉసిరి ఎక్కడుందని అడిగింది. మా ఇంట్లో ఉంది, అన్నాను.

ఉందంటే, కుండీలో ఉంది. ఇండియాలో మా ఇంటి నుంచి తెచ్చుకున్న గింజ వేస్తే మొలిచింది. శీతాకాలమంతా హీటర్ పక్కన కిటికీలో పెట్టి, ఆకు రాలినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంటే, ఏళ్ళ తరబడి పెంచాను. నా నడుము దాకా వచ్చింది. "దాని కింద కూర్చోవాలంటే ముందు మనం చీమలమైపోవాలి," అన్నారు మా ఆయన. దాంతో నా పట్టు ఇంకా బిగిసింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఈ ఏడు పార్కులో. అది బాగా లేకపోతే ఇక ఏటా హాల్లోనే.

ఆ ఆదివారం కుండీకి ఉన్ని దుప్పటి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఎస్-బాన్ రైల్లో తీసుకెళ్ళాను. పార్కులో ఎండ ఉంది గానీ గాలి చెవులు కోసేస్తోంది. ఒక పెద్ద ఓక్ చెట్టు దగ్గర చాపలు పరిచి, ఉసిరికి పసుపూ కుంకుమా పెట్టి, చుట్టూ కూర్చున్నాం. పార్కులో నిప్పు వెలిగించకూడదు కాబట్టి దీపం లేదు.

"అక్కా, నీ మొక్క నీడ నా ప్లేటుకు గూడ సరిపోతలేదు," అంది కరీంనగర్ అమ్మాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఉడికిపోయాను. పిల్లలు అప్పటికే జర్మన్‌లో చలి చలి అని గోల మొదలుపెట్టారు. హాలు ఖాయమైపోయిందనుకున్నాను.

అంతలో చేతికర్రతో నడుస్తున్న ఒక జర్మన్ పెద్దాయన ఆగి, ఈ మొక్క చుట్టూ ఏం చేస్తున్నారని అడిగారు. మా దగ్గర ఈ నెలలో ఈ చెట్టు కింద అందరం కలిసి భోంచేస్తామని, ఇక్కడ లేదు కాబట్టి పెంచుకుంటున్నానని నాకొచ్చిన జర్మన్‌లో చెప్పాను. ఆయన నవ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చలికి తట్టుకోలేక జనం ఈ అడవిని నరికి పొయ్యిలో పెట్టుకున్నారట. ఈ నేలలో బంగాళాదుంపలు వేసుకున్నారట. మళ్ళీ చెట్లు నాటినప్పుడు ఆయన బడికెళ్ళే పిల్లాడట.

ఆయన మా వెనకున్న ఓక్ మీద చెయ్యి వేశారు. "నాటినప్పుడు ఇవి నా నడుము దాకా కూడా లేవు. వాటి కిందే కూర్చుని రొట్టె తిన్నాం. మీ చెట్టు కింద నాకు కాస్త చోటుందా?"

మా ఆయన గబగబా మడత కుర్చీ తెచ్చి ఉసిరి పక్కనే వేశారు. పెద్దాయన పులిహోర తిని, అడిగి మరీ ఇంకొంచెం పెట్టించుకున్నారు. ఆ రాజులెవరో నాకు తెలియదు. ఆ రోజు ఆ అడవికి యజమానురాలిని మాత్రం నేనే. గర్వపడ్డానని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఎండ తగ్గి, గాలి పెరిగింది. ఇక పిల్లలకి చలి అంటుందని నేను కరీంనగర్ అమ్మాయి వంకే చూస్తున్నాను. ఆమె లేచి భుజాల మీది శాలువా తీసింది. కుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కొమ్మలు విరగకుండా మెల్లగా చుట్టింది.

"అక్కా, చెట్టుకు చలి పెడ్తున్నట్టుంది," అంది. "వచ్చే యేడు జెర ముందుగాల్నే వద్దాం."